అప్రమత్తంగా ఉండటమంటే ఏం చెయ్యాలి?

కొన్నేళ్ళ కిందటి మాట. కృష్ణా జిల్లా తీరంలో ఒక మత్స్యకార పల్లె. రామాలయం అరుగు మీద పది పదిహేను మందిమి కూర్చున్నాం. తుపాను హెచ్చరికలను ఊళ్ళోకి చేరవేసే కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం అప్పట్లో నా పని. ఒక కార్యాలయం వారు అచ్చు వేయించిన కరపత్రం నా చేతిలో ఉంది. మంచి కాగితం, రంగుల అచ్చు. గొంతు సవరించుకుని చదివాను. తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది, లోతట్టు ప్రాంతాల వారు సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలెను అని అందులో ఉంది. చదివి తలెత్తాను. ఎదురుగా చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ అడిగింది: "బాబూ, అప్రమత్తంగా ఉండటమంటే ఏం చెయ్యాలి?"

"జాగ్రత్తగా ఉండాలమ్మా" అన్నాను.

"జాగ్రత్తగానే ఉంటాం. ఏం చెయ్యాలో చెప్పు. మేకల్ని కట్టెయ్యాలా, విప్పెయ్యాలా? పిల్లల్ని బడికి పంపాలా, మానిపించాలా? మా ఆయన వేటకెళ్ళి రెండ్రోజులైంది. ఆయనొచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండాలా, వెళ్ళిపోవాలా?"

నా దగ్గర జవాబు లేదు. కరపత్రంలోనూ లేదు. ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకూ చెయ్యడమో, మానడమో ఉంది. కరపత్రంలో ఉన్నదల్లా ఎలా ఉండాలన్న సంగతి. అప్రమత్తంగా ఉండటం మనసుకు సంబంధించిన స్థితి. తుపాను వచ్చేముందు ఆవిడకు కావలసింది కాళ్ళకూ చేతులకూ పని.

ఏ సంస్థకైనా జనంతో మాట్లాడే అవసరం ఉంటుంది. ఆసుపత్రికి, బ్యాంకుకి, విద్యుత్ శాఖకి, పాల సంఘానికి, ఎవరికైనా. ఎవరితో మాట్లాడుతున్నాం, ఏం చెప్పాలి, ఎవరి నోటితో చెప్పించాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పింది చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని ముందే ఆలోచించి పెట్టుకోవడాన్ని కమ్యూనికేషన్ స్ట్రాటజీ అంటున్నారు. దీని మీద పుస్తకాలున్నాయి, కోర్సులున్నాయి. నేను మాత్రం ఇవాళ తుపాను హెచ్చరిక ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడతాను. మిగతా చోట్ల మాట సరిగా చేరకపోతే డబ్బు పోతుంది, పరువు పోతుంది. ఇక్కడ మనిషే పోతాడు. అందుకే లోపం ఎక్కడుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు, మనందరం చిన్నప్పటి నుంచీ వింటున్న ఒక మాట తీసుకుందాం. మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, కాకినాడలో ఐదో నంబరు అంటుంటారు. టీ కొట్టు దగ్గర ఇది వినగానే జనం వేసుకునే లెక్క ఒకటే. మూడు కంటే ఐదు ఎక్కువ, ఐదు కంటే ఆరు, ఆరు కంటే ఏడు. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

అసలు సంగతి వేరు. ఆ నంబర్లు మొత్తం 11. ఒకటి, రెండు అంటే గాలివాన ఎక్కడో సముద్రంలో దూరంగా ఉంది, రేవుకు భయం లేదు గానీ రేవు వదిలి వెళ్ళే ఓడకు ఎదురుకావచ్చని అర్థం. మూడు, నాలుగు రేవుకే సంబంధించినవి. ఐదు, ఆరు, ఏడు మూడూ తుపాను ప్రమాద సూచికలే. తుపాను ఈ రేవుకు ఏ పక్కగా తీరాన్ని తాకబోతోందో చెప్పడానికే వాటిలో తేడా. తుపాను వెళ్ళే దారికి రేవు ఎడమ పక్కన ఉంటే ఐదు, కుడి పక్కన ఉంటే ఆరు, నేరుగా రేవు మీదికో దాని దగ్గరికో వస్తుంటే ఏడు. తుపాను తీవ్రమైనదైతే అదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. ఇక పదకొండో నంబరు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, రేవు అధికారి తన అంచనా మీదే హెచ్చరిస్తున్నాడని అర్థం.

ఓడ కెప్టెనుకు ఈ తేడా ప్రాణంతో సమానం. తుపాను ఏ పక్క నుంచి వెళుతుందో తెలిస్తే గాలి ఏ దిక్కు నుంచి కొడుతుందో తెలుస్తుంది. లంగరు వేసుకుని రేవులోనే ఉండాలా, లంగరెత్తి బయటి సముద్రంలోకి వెళ్ళిపోవాలా అన్నది అతను దాన్నిబట్టి తేల్చుకుంటాడు. మన దేశంలో రేవులకు గాలివాన హెచ్చరికలు పంపే ఏర్పాటు 1865లో కలకత్తాలో మొదలైంది. అంతకు ముందు ఏడాది అక్కడ పెద్ద తుపాను వచ్చి ఓడలను ధ్వంసం చేసింది. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంటే శాఖ కంటే కూడా హెచ్చరికే పెద్దది. అది ఓడల కోసం పుట్టింది, ఓడల భాషలో పుట్టింది. పగలు గుర్తులు, రాత్రి దీపాలు పైకెత్తి చూపించేవారు. అందుకే నేటికీ ఎగరేశారు అంటున్నాం.

ఇందులో తప్పెవరిది? నంబర్లు తయారుచేసినవాళ్ళది కాదు. వాళ్ళకు తమ శ్రోత ఎవరో బాగా తెలుసు. అతని కోసం చక్కగా కుదిరిన భాష తయారుచేశారు. పొరపాటు తరవాత జరిగింది. ఓడ కెప్టెనుకు చెప్పే మాటనే తీసుకొచ్చి తాటాకు పాకలో ఉన్న తల్లికి వినిపించాం. ఆవిడ దాన్ని తనకు తెలిసిన లెక్కలోకి మార్చుకుంది. ఆరో నంబరు ఐదుకి మారితే తుపాను తగ్గిందని అనుకునే వీలుంది. నిజానికి తుపాను తగ్గలేదు, దారి మార్చుకుంది. ఎవరికి చెబుతున్నామో తేల్చుకోకుండా చెప్పిన నిజం కూడా ఇలా అబద్ధంగా మారి చేరగలదు.

నంబర్ల సంగతి అలా ఉంచి, మన తెలుగు మాటలనే చూద్దాం. లోతట్టు ప్రాంతాలు అంటాం. వాతావరణ ప్రకటనలో దాని అర్థం పల్లపు నేల, నీళ్ళు నిలిచే చోటు. సముద్రానికి దూరంగా, లోపలికి ఉన్న ఊళ్ళని అర్థం చేసుకున్నవాళ్ళను నేను స్వయంగా చూశాను. ఒడ్డున ఉన్న తమ గురించి ఆ మాట చెప్పలేదని వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. పల్లం అనే మాట రైతుకూ తెలుసు, జాలరికీ తెలుసు. పల్లంలో ఉన్న ఇళ్ళు అంటే ఏ ఇళ్ళో ఊళ్ళో చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు.

ఇంకో మాట, తీరం దాటడం. తుపాను ఈ అర్ధరాత్రి తీరం దాటుతుందని రేడియోలో చదువుతారు, పత్రికలూ రాస్తాయి. దాటడం అంటే మన నుడికారంలో గండం గడిచిపోవడం. గండం దాటింది, ఏరు దాటింది, ఊరు దాటింది. కానీ తుపాను తీరం దాటే ఘడియే అన్నిటికంటే భయంకరమైన ఘడియ. ఉప్పెన వచ్చేది అప్పుడే. పైగా తుపానుకు కన్ను ఉంటుంది. ఆ కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆకాశం కాస్త తెరిపిస్తుంది. అయిపోయిందనుకుని జనం బయటికొస్తారు. ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటారు, పశువుల్ని వెతుక్కుంటారు. కాసేపటికి గాలి వెనక్కి తిరిగి అవతలి దిక్కు నుంచి అంతకు ముందులాగే విరుచుకుపడుతుంది. కాబట్టి నా శిక్షణలో కార్యకర్తలకు ఒకటే చెప్పేవాణ్ణి. తీరం దాటుతుంది అనకండి, ఒడ్డుకు కొడుతుంది అనండి. గాలి ఆగినా బయటికి రావద్దు, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది అని చెప్పండి.

ఈ మాటల పట్టింపు అనవసరమని ఎవరికైనా అనిపిస్తే, దివిసీమ వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడమని కోరతాను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువమందే పోయారని అక్కడివాళ్ళ నమ్మకం. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీరు. అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళోకి వచ్చింది. అయిదు మీటర్లని నేను ఇప్పుడు తేలిగ్గా అనేశాను గానీ, వినేవాళ్ళకు ఆ కొలత దేనికి పనికొస్తుంది? మీ ఇంటి చూరు మునుగుతుంది, చూరు మీద నిలబడినా మునుగుతారు, ఊళ్ళో ఫలానా డాబా పైకప్పు మాత్రమే మిగులుతుంది అంటే అర్థమవుతుంది. ఒక తరం మనుషులకు ఉప్పెన అన్న ఒక్క మాట చాలు, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తరవాత పుట్టినవాళ్ళకు అదొక మాట మాత్రమే. ఒకే ఊళ్ళో ఒకే మాటకు ఇద్దరు శ్రోతలున్నారన్నమాట.

జనం అనే శ్రోత ఎక్కడా ఉండడు. ప్రజలకు తెలియజేయడమేమనగా అని మొదలుపెట్టిన రోజునే ఎవరికీ తెలియజేయలేకపోయాం. తీరంలో ఒక ఊరిని తీసుకోండి. మరపడవలో వారం రోజుల సరుకు వేసుకుని లోసముద్రానికి వెళ్ళిన సరంగు ఉన్నాడు. తెల్లవారుజామున తెప్ప వేసుకెళ్ళి పొద్దెక్కేసరికి తిరిగొచ్చేవాడున్నాడు. ఇంట్లో పిల్లలతో, ముసలి అత్తతో ఉన్న ఇల్లాలుంది. రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడు గట్టు మీద పాకలో కాపలా ఉన్నాడు. నవంబరు అంటే సార్వా వరి కోతకొచ్చే కాలం. పనల మీద ఉన్న పంటను వదిలి కదలలేని రైతున్నాడు. ఆ కోతలకు పరాయి జిల్లా నుంచి వచ్చి పొలంలోనే గుడారం వేసుకున్న కూలీలున్నారు. వాళ్ళకు ఆ ఊరి పేరు తప్ప అక్కడ ఎత్తైన చోటు ఏదో కూడా తెలియదు. అందరికీ వచ్చేది ఒకే తుపాను. ఒక్కొక్కళ్ళకూ కావలసిన మాట వేరు, చేరే దారి వేరు, అన్నిటికంటే ముఖ్యంగా, చేరాల్సిన సమయం వేరు.

సమయం సంగతి చెప్పడానికి 1996 నవంబరు 6 గుర్తుచేస్తాను. ఆ రాత్రి కోనసీమను తాకిన తుపాను విస్తీర్ణంలో చిన్నది, కానీ చాలా త్వరగా బలపడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీద వేటలో ఉన్నవాళ్ళు అందులో చాలామంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట ఉన్న భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళు ఆ రాత్రిని ఇప్పటికీ మరిచిపోలేదు. ఒడ్డున ఉన్నవాడికి ఆరు గంటల ముందు చెప్పినా పరుగెత్తి డాబా ఎక్కుతాడు. నడిసముద్రంలో ఉన్నవాడికి ఆరు గంటలు ఏ మూలకీ సరిపోవు. అతనికి చెప్పాల్సింది వేటకు వెళ్ళకముందే.

2017 నవంబరు ఆఖరున వచ్చిన ఓఖీ తుపాను ఇదే పాఠాన్ని కన్యాకుమారి, కేరళ తీరాల్లో మళ్ళీ చెప్పింది. అక్కడి వాళ్ళు రోజుల తరబడి అరేబియా సముద్రంలో ఉండిపోయే లోసముద్రపు వేటగాళ్ళు. హెచ్చరిక వెలువడేసరికి చాలా పడవలు వెళ్ళిపోయి ఉన్నాయి. సెల్‌ఫోన్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే అందదు. ఒడ్డున టీవీల్లో మోగిపోతున్న హెచ్చరిక ఎవరికోసమో వాళ్ళకే చేరలేదు. చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి మూడువందల మందికి పైనే. ఆ తరవాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే మన సముద్ర సమాచార కేంద్రం, 2019లో జెమిని అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. ఉపగ్రహం నుంచి వచ్చే హెచ్చరికను అది అందుకుని పడవలో ఉన్నవాడి ఫోన్‌కి చేరవేస్తుంది. మంచి పనే. అయితే దానితో పడవ వినగలదు, తిరిగి పలకలేదు. పడవ నుంచి ఒడ్డుకు కూడా కబురు పంపగల ట్రాన్స్‌పాండర్లను ఇప్పుడు పడవలకు అమరుస్తున్నారు. వినేవాడికి నోరు కూడా ఉంటుందని పరికరాలు తయారుచేసేవాళ్ళు గుర్తించడానికి ఇంతకాలం పట్టింది.

ఇక ఎవరి నోటితో చెప్పించాలన్నది. నా అనుభవంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, కార్యాలయాలు అన్నిటికంటే తక్కువ ఆలోచించేదీ ఇదే. ఏడాదికోసారి జీపులో వచ్చి, మైకులో ఖాళీ చెయ్యండి అని అరిచి వెళ్ళిపోయే మనిషిని ఎవరైనా ఎందుకు నమ్మాలి? ఇల్లు వదిలి వెళ్ళమంటున్నాడు. ఆ ఇంట్లో వల ఉంది. ఆ వల ఖరీదు వాళ్ళ ఏడాది సంపాదన. వెనకటిసారి వెళ్ళి తిరిగొచ్చేసరికి గిన్నెలు పోయాయి. ఆ మైకులో ఉన్నవాడు గిన్నెల సంగతి అడగలేదు.

ఇన్‌కాయిస్ వాళ్ళ పనిలో నాకు బాగా నచ్చినది ఇక్కడే ఉంది. వాళ్ళు తుపాను రోజుల్లో మాత్రమే మాట్లాడరు. సముద్రంలో చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో ఉపగ్రహాల సాయంతో కనిపెట్టి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుగా, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతులో అని స్థానిక భాషల్లో చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ ఇవ్వరు. సముద్రం బాగాలేని రోజుల్లోనూ ఇవ్వరు. ఇందులో ఉన్న తెలివి చూడండి. రోజూ నాలుగు చేపలు దొరికే మాట చెప్పిన నోరే ఒకరోజు వెళ్ళొద్దు అంటే సరంగు ఆగి వింటాడు. డీజిల్ ఖర్చు మిగిల్చినవాడి మాటకు బరువుంటుంది. నమ్మకం తుపాను వచ్చిన రోజు పుట్టదు, అంతకు ముందు మామూలు రోజుల్లో కూడబెట్టుకోవాలి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే జాలరి ఊరు. ఆ ప్రాంతంలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వారు 1998 నుంచి గ్రామ సమాచార కేంద్రాలు నడిపించారు. అలల ఎత్తు ఎంత, గాలి ఎలా ఉంది, చేపల ధర ఎంత పలుకుతోంది, ఇవన్నీ తెలుసుకుని ఊళ్ళో మైకులో చెప్పేవారు. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. ఆ ఊరి యువకుడొకడు సింగపూర్‌లో పని చేస్తున్నాడు. టీవీలో వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఊరివాళ్ళు సమాచార కేంద్రం తలుపు బద్దలుకొట్టి, లోపలున్న మైకు అందుకుని, పారిపొండి అని కేకలు వేశారు. ఊళ్ళో ఉన్నది మూడువేల ఆరువందల పైచిలుకు మంది. పడవలు పోయాయి, ఇళ్ళు పోయాయి, మనుషులు మాత్రం బతికారు. ఆ మైకును సునామీ కోసం ఎవరూ పెట్టలేదు. చేపల ధర చెప్పడానికి పెట్టారు. రోజూ వినే అలవాటు ఉన్న మైకు కాబట్టి ఆ కేకను జనం విన్న వెంటనే నమ్మారు.

మన పొరుగున బంగ్లాదేశ్ వాళ్ళు ఈ సంగతిని ఘోరమైన మూల్యం చెల్లించి తెలుసుకున్నారు. 1970 నవంబరు తుపానులో అక్కడ మూడు నుంచి అయిదు లక్షల మంది పోయారని అంచనా. 1972లో తుపాను సంసిద్ధత కార్యక్రమం పెట్టి, ఊరి మనుషులనే కార్యకర్తలుగా తీసుకుని, చేతికి మెగాఫోన్లు, జెండాలు ఇచ్చారు. అయినా 1991లో మళ్ళీ సుమారు 1,38,000 మంది చనిపోయారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే చాలా ఎక్కువ. కారణాలు వెతికితే తేలిందేమిటి? చెప్పేవాళ్ళు దాదాపుగా మగవాళ్ళే, చెప్పేది బజారులో మగవాళ్ళకు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు మగవాళ్ళు వచ్చి చెబితే తప్ప కదలకూడదనుకున్నారు. మగవాళ్ళందరితో కలిసి షెల్టర్లో ఉండటానికి సిగ్గుపడ్డారు. ఇప్పుడు ఆ కార్యక్రమంలో 76,000 మంది కార్యకర్తలుంటే సగం మంది ఆడవాళ్ళు. నేరుగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కా, పిల్లల్ని తీసుకుని బయలుదేరు అని చెప్పగలిగేది వాళ్ళే. మన ఊళ్ళలో డ్వాక్రా సంఘాలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. ఎవరింట్లో నిండు గర్భిణి ఉందో, ఏ ముసలాయన మంచం దిగలేడో వాళ్ళ నోటికి వచ్చు. ఏ కంప్యూటర్లోనూ అంత కచ్చితమైన జాబితా లేదు.

ఒడిశా సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1999 పెను తుపానులో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను అదే రాష్ట్రాన్ని తాకింది. పది లక్షల మందిని ముందే కదిలించారు. చనిపోయినవాళ్ళు యాభై లోపే. 2019 మే నెలలో ఫొని వచ్చినప్పుడు 26 లక్షల సంక్షిప్త సందేశాలు పంపారు. అంతటితో ఊరుకోలేదు. 43,000 మంది స్వచ్ఛంద కార్యకర్తలు గడపగడపకూ తిరిగారు. ఫోనుకు వచ్చిన సందేశాన్ని నిజమని తేల్చేది, గుమ్మంలో నిలబడ్డ తెలిసిన మనిషి ముఖమే. 2023లో దేశంలో చాలాచోట్ల ఫోన్లు ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో మోగి, ఇది పరీక్ష కోసం పంపిన హెచ్చరిక అని తెర మీద కనిపించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది మంచి సాధనం. ఆ మోతకు ఉలిక్కిపడి లేచిన మనిషి మొదట చేసేది పక్కింటివాళ్ళ వైపు చూడటం. పక్కింటివాళ్ళు కదిలితేనే తనూ కదులుతాడు. ఆ పక్కింటివాళ్ళను ముందే సిద్ధం చేసి ఉంచామా అన్నది నా ప్రశ్న.

ఒక ఇబ్బందికరమైన విషయాన్ని దాటవేయలేను. కొన్నిసార్లు హెచ్చరిక చేస్తాం, తుపాను దారి మార్చుకుని వేరే చోటికి పోతుంది. జనం రెండు రోజుల వేట మానుకున్నారు, కూలి పోయింది, బియ్యం నిండుకున్నాయి. ఊరికే భయపెట్టారంటారు. ఆ మాట అనే హక్కు వాళ్ళకు ఉంది. అలాంటప్పుడు ఎక్కువ సంస్థలు మౌనంగా ఉండిపోతాయి. నా దృష్టిలో అది పెద్ద తప్పు. మర్నాడే అదే మనిషి అదే ఊరికి వెళ్ళాలి. తుపాను రెండువందల కిలోమీటర్లు పైకి జరిగింది, అక్కడ ఇలా కొట్టింది, మీ మీదికి వచ్చే అవకాశం ఉన్నందువల్లే చెప్పాం, మీరు కదలడం మంచి పనే, మీ రెండు రోజుల నష్టం పై అధికారులకు రాశాం అని చెప్పాలి. వాతావరణ శాఖ 72 గంటల ముందు ఒక మెట్టు, 48 గంటల ముందు రెండో మెట్టు, 24 గంటల ముందు మూడోది, 12 గంటల ముందు నాలుగోది అని నాలుగు మెట్లుగా హెచ్చరికలు ఇస్తుంది. ఇప్పటి సమాచారం ఇది, మారవచ్చు, మారితే ఇన్ని గంటలకు మళ్ళీ వచ్చి చెబుతాం అని మొదటి మెట్టు దగ్గరే చెబితే, నాలుగో మెట్టులో మారిన మాటను జనం మాట తప్పడంగా తీసుకోరు. సముద్రం మీద బతికేవాడికి గాలి మారుతుందని మనం నేర్పనక్కర్లేదు. మనకు తెలిసినంతే తెలుసునని ఒప్పుకుంటే అతను గౌరవిస్తాడు.

మళ్ళీ రామాలయం అరుగు దగ్గరికి వస్తాను.

ఆ కరపత్రాన్ని పక్కన పెట్టేశాం. ఆ మధ్యాహ్నం, మర్నాడు మధ్యాహ్నం అదే అరుగు మీద కూర్చుని కొత్తది రాశాం. రాసింది నేనే గానీ మాటలు వాళ్ళవి. ఒక్కటి కాదు, మూడు కాగితాలు తయారయ్యాయి. పడవవాళ్ళకు ఒకటి, చెరువుల మీద ఉండేవాళ్ళకు ఒకటి, ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఒకటి. ఇళ్ళవాళ్ళ కాగితంలో ఇలా ఉంది. గాలి మొదలు కాకముందే, వెలుతురు ఉండగానే బయలుదేరండి. హైస్కూలు వెనక ఉన్న తుపాను షెల్టరుకు వెళ్ళండి. మేకల్ని, గేదెల్ని కట్టెయ్యకండి, పలుపులు విప్పి వదిలెయ్యండి. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒంటికి కట్టుకోండి. మగవాళ్ళు వేటలో ఉంటే వాళ్ళ కోసం ఇంట్లో ఆగకండి. ఒడ్డుకు చేరగానే వాళ్ళు కూడా షెల్టరుకే రావాలని పడవలవాళ్ళ కాగితంలో రాశాం. ఈ చివరి మాట చదివినప్పుడు అక్కడున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు కాగితాలూ ఒకదాని మాట ఒకటి చెబుతున్నాయని వాళ్ళకు అర్థమైంది.

రెండో రోజు సాయంత్రం మొత్తం గట్టిగా చదివి వినిపించాను. మొదటి రోజు నన్ను ప్రశ్న అడిగిన పెద్దావిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక, "అంతా బాగానే రాశావు బాబూ. షెల్టర్లో ఆడవాళ్ళకు మరుగు ఉందో లేదో రాయలేదు. అది లేకే కదా పోయినసారి మా కోడలు రానంది" అంది.

కలం తీశాను. షెల్టర్లో ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి ఉంది అని రాయబోయి ఆగాను. ఉందో లేదో నాకు తెలియదు. పక్కనున్న కార్యకర్తను అడిగితే, కట్టారు గానీ తాళం వేసి ఉంటుంది, నీళ్ళు రావు అన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను. పంచాయతీ ఆఫీసులో అన్నారు. అప్పటికి ఇంకా పొద్దు వాలలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, పెద్దావిడా, ఆవిడ కోడలూ ముందు నడుస్తుంటే, అందరం పంచాయతీ ఆఫీసు వైపు బయలుదేరాం.